బాలి చిత్రకళ: నేర్పినవారెవరు, ఎంచినవారెవరు



బాలి ద్వీపపు చిత్రకళ గురించి ఏ పుస్తకం తిరగేసినా ఒక కథ తప్పకుండా ఎదురవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి అక్కడి చిత్రకారులు దేవతలనీ రాక్షసులనీ తాతల నాటి పద్ధతిలోనే గీస్తూ ఉన్నారట. 1927లో వాల్టర్ స్పీస్ అనే జర్మన్ చిత్రకారుడు, 1929లో రుడాల్ఫ్ బోనె అనే డచ్చి చిత్రకారుడు బాలి చేరి ఉబుద్ గ్రామంలో కాపురం పెట్టారట. వాళ్లు కాగితాలిచ్చారు, వెలుగునీడలు చూపించారు, మనిషి శరీరాన్ని ఉన్నదున్నట్టు గీయడం నేర్పారు, పురాణాలు వదిలి పొలాన్నీ సంతనీ గీయమన్నారు. అలా ఆధునిక బాలి చిత్రకళ పుట్టింది అని కథ ముగుస్తుంది. దీనికి సరిగ్గా ఎదురుగా మరో కథ ఉంది. స్వచ్ఛంగా, భక్తితో సాగుతున్న ఒక కళని తెల్లవాళ్లు వచ్చి యాత్రికుల అంగడి సరుకుగా మార్చేశారు అని ఆ రెండో కథ వాపోతుంది. ఒకటి విదేశీయులని గురువులని చేస్తే, రెండోది దోషులని చేస్తుంది. రెండింటిలోనూ బాలి చిత్రకారుడు మాత్రం నోరు మెదపడు. ఇతరులు ఏది చేస్తే అది జరిపించుకునేవాడిలా కనిపిస్తాడు.

పేర్లూ తేదీలూ నిజమే. విదేశీయుల ప్రభావం గట్టిదన్నదీ నిజమే. అయితే ఆ ప్రభావం ఏ దారిన పనిచేసింది అని అడిగితే ఈ రెండు కథలూ తడబడతాయి. ఎందుకంటే ఆనాటి బాలి చిత్రాలని వరసగా పెట్టి చూస్తే వాటిలో చాలావరకు స్పీస్ చిత్రాల్లాగా ఉండవు, బోనె చిత్రాల్లాగానూ ఉండవు. గురువు పోలిక లేని శిష్యులు ఇంతమంది ఉన్నప్పుడు, జరిగింది పాఠం చెప్పడం మాత్రమే కాదని అర్థమవుతుంది. నా వాదన ఇది: బాలిలో విదేశీ చిత్రకారుల అసలు బలం నేర్పిన చేతిలో కన్నా ఎంచిన కంటిలో ఉంది. ఏ బొమ్మ కొనాలి, ఏది ప్రదర్శనకు పంపాలి, ఏది పక్కన పెట్టాలి అని తేల్చే అధికారం కొన్నేళ్లపాటు వాళ్లకి దక్కింది. ఆ ఎంపికకు బాలి గ్రామాలు ఒక్కొక్కటీ ఒక్కో రకంగా జవాబు చెప్పాయి. ఆ జవాబుల మొత్తాన్నే ఇవాళ మనం ఆధునిక బాలి చిత్రకళ అంటున్నాం.

విదేశీయులు రాకముందు ఏముండేదో మొదట చూద్దాం. తూర్పు బాలిలో క్లుంగ్‌కుంగ్ రాజధానికి దగ్గర్లో కమసాన్ అనే ఊరుంది. రాజాస్థానాలకీ గుళ్లకీ బొమ్మలు వేసేవాళ్ల ఊరది. నూలు గుడ్డకి బియ్యపు గంజి పట్టించి, ఎండబెట్టి, గవ్వతో రుద్ది నున్నగా చేస్తారు. పెద్ద చిత్రకారుడు గీత గీస్తాడు. రంగులు నింపే పని ఇంట్లోని ఆడవాళ్లూ శిష్యులూ చేస్తారు. చివర్లో నల్లగీతతో ముఖాలు తీర్చేది మళ్లీ చెయ్యి తిరిగినవాడే. దీపపు మసితో నలుపు, మట్టితో పసుపు, కాల్చిన ఎముకతో తెలుపు. ఎరుపు మాత్రం చైనా నుంచి వచ్చే ఇంగిలీకం. బొమ్మలన్నీ తోలుబొమ్మల పోలికే: ముఖం మూడొంతులు కనిపించేలా తిరిగి ఉంటుంది, ధీరోదాత్తుడికి సన్నని కళ్లు, రాక్షసుడికి గుడ్లు మిటకరించే గుండ్రటి కళ్లు, కోరలు. దూరం, దగ్గర అన్న తేడా లేదు, ఆకాశం నేలా కలిసే గీత లేదు. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఉన్న ఖాళీని గాలిమబ్బుల్లాంటి చిన్న నగిషీలు నింపుతాయి. ఒక ఘట్టం ముగిసి మరొకటి మొదలయ్యే చోట రాళ్ల వరస అడ్డుగీతలా నిలుస్తుంది. పండగ రోజున ఇలాంటి పొడవాటి పట్టీని గుడి మండపం చూరు చుట్టూ కడతారు. శ్రీకాళహస్తి కలంకారీ తెర మీద రామాయణం చదువుకున్న కంటికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. కథ ముందే తెలిసినవాళ్ల కోసం వేసిన బొమ్మ ఇది. చూసేవాడు పక్కకి నడుస్తూ చదువుకుంటాడు. సంతకం అక్కర్లేదు, ఎందుకంటే ఆ బొమ్మ ఎవరిదన్న ప్రశ్నే ఎవరూ వెయ్యరు.

ఇది స్వచ్ఛమైన, బయటి గాలి సోకని కళ అనుకుంటే మాత్రం పొరపాటే. కథలు భారతదేశం నుంచి జావా మీదుగా వచ్చాయి. వచ్చి, అక్కడి నేలకి తగ్గట్టు మారాయి. క్లుంగ్‌కుంగ్‌లోని కెర్త గోస అనే న్యాయమండపం కప్పు మీద భీముడు తల్లిదండ్రుల ఆత్మల కోసం యమలోకానికి వెళ్లి, పాండురాజునీ మాద్రినీ వెతికే కథ వరసలు వరసలుగా ఉంది. మన కవిత్రయ భారతం ఎంత గాలించినా ఈ కథ దొరకదు. ఆ కప్పు బొమ్మలు కూడా పాడైనప్పుడల్లా మళ్లీ వేసినవే. పాతదాన్ని తాకకుండా దాచడం అక్కడి పద్ధతి కాదు, తిరిగి వెయ్యడమే పద్ధతి. చైనా రంగు సరే, మచిలీపట్నం వంటి రేవుల నుంచి మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు కూడా శతాబ్దాలపాటు ఆ దీవులకి వెళ్లాయి. అంటే బయటి సరుకుని తెచ్చుకోవడం, తనకి కావలసినట్టు మలుచుకోవడం బాలికి కొత్త కాదు. కొత్తగా వచ్చిన తెల్లవాళ్లకి ముందే ఆ అలవాటు అక్కడ పాతుకుపోయి ఉంది.

ఇందుకు ఇద్దరు విదేశీయులు సాక్ష్యం. స్పీస్ కన్నా సుమారు నలభై ఏళ్ల ముందే, ఉత్తర బాలిలో వాన్ దెర్ టూక్ అనే డచ్చి భాషా పండితుడు ఉండేవాడు. నిఘంటువు కూర్చే పనిలో ఉంటూ, అక్కడి చిత్రకారుల చేత ఐరోపా కాగితాల మీద పురాణ ఘట్టాలూ జానపద కథలూ గీయించాడు. సింగరాజకి చెందిన ఇ కెతుత్ గెదె వంటి వాళ్ల బొమ్మలు వాటిలో ఉన్నాయి. ఆ కాగితాలు నేడు నెదర్లాండ్స్‌లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. విడి కాగితం మీద, గుడి కోసం కాకుండా ఒక కొనుగోలుదారు కోసం, ఒక ఘట్టాన్నే తీసుకుని గీయడం అన్నది 1930 ప్రాంతంలో ఉబుద్‌లో ఊడిపడిన విడ్డూరం కాదని ఇవి చెబుతున్నాయి. రెండో సాక్ష్యం రాతిలో ఉంది. 1904లో న్యూవెన్‌కాంప్ అనే డచ్చి చిత్రకారుడు బాలి వచ్చి సైకిల్ మీద తిరిగాడు. ఉత్తర బాలిలో కుబుతంబహన్ గ్రామంలోని మెదువె కరంగ్ గుడి గోడ మీద, సైకిల్ తొక్కుతున్న ఒక మనిషి శిల్పం ఉంది. అతడు ఆయనే అని స్థానికుల మాట. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ సైకిల్ వెనక చక్రం చక్రం కాదు, విచ్చుకున్న పద్మం. ఒంటి మీది బట్ట నిండా పూలు, చుట్టూ తీగలు. కొత్త యంత్రమూ కొత్త మనిషీ ఊళ్లోకి వస్తే ఆ శిల్పి దిగ్భ్రమలో పడలేదు, ఆ మనిషిని అనుకరించనూ లేదు. పట్టుకెళ్లి తన నగిషీలో కలిపేసుకున్నాడు. విదేశీ ప్రభావం అంటే బాలిలో ఎలా ఉంటుందో ఆ ఒక్క చక్రం చాలు చెప్పడానికి.

మరి 1930 ప్రాంతంలో అంత వేగంగా మార్పు ఎందుకొచ్చింది? ఆ వేగానికి కారణం చిత్రకారుల కుంచెల్లో కన్నా రాజుల గతిలో ఉంది. డచ్చివారు ఉత్తర బాలిని 1849 నాటికే లొంగదీసుకున్నారు. దక్షిణాన బాదుంగ్ రాజవంశం 1906లో, క్లుంగ్‌కుంగ్ రాజవంశం 1908లో లొంగిపోవడానికి ఒప్పుకోక, పరివారంతో సహా తుపాకుల ఎదుటికి నడిచి వెళ్లి ప్రాణాలు విడిచాయి. దాంతో బొమ్మలు వేయించి, పోషించే చేతులు బలహీనపడ్డాయి. తర్వాత డచ్చి ఓడల కంపెనీ యాత్రికులని తేవడం మొదలుపెట్టింది. 1928లో దెన్‌పసార్‌లో బాలి హోటల్ వెలిసింది. రాజు కొనే పొడవాటి గుడ్డ వేరు, ఓడలో వచ్చి రెండు మూడు రోజులుండి వెళ్లే యాత్రికుడు కొనే బొమ్మ వేరు. అతడికి పెట్టెలో పట్టాలి, గోడకి తగిలించుకోవడానికి వీలుగా చట్రంలో ఇమడాలి, కథ తెలియకపోయినా చూడగానే అర్థం కావాలి. చిన్న కాగితం, ఒకే ఘట్టం, కింద ఒక సంతకం: ఈ మూడూ విరివిగా వ్యాపించింది ఈ యాత్రికుల అంగడి వల్లే. స్పీస్, బోనె రాకపోయినా ఈ ఒత్తిడి వచ్చేది. వాళ్లు చేసిందల్లా ఆ ఒత్తిడి ఏ వైపు మళ్లాలో చూపడం.

వాళ్లు నేర్పడమే అసలు కారణమైతే, వాళ్లకి అందుబాటులో ఉన్న ఊళ్లన్నిట్లో ఇంచుమించు ఒకే రకం చిత్రాలు రావాలి. అలా జరగలేదు. ఉబుద్‌లో సంత, వరికోత, నాట్యం, గుడి ఉత్సవం వచ్చాయి. మనుషుల ఒంటికి గుండ్రదనం వచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న సానుర్‌లో ఇద బాగుస్ ఞొమన్ రాయ్ వంటి చిత్రకారులు నలుపు తెలుపుల్లో చేపలు, పీతలు, జంతువులు, కెరటాలు గీశారు. ఇక ఉబుద్‌కి కొద్ది మైళ్ల దూరంలోని బతువాన్‌కి వెళ్తే మరో లోకం. అక్కడ మంత్రగత్తెలు, అర్ధరాత్రి శ్మశానాలు, మనిషి రూపం మార్చుకునే శక్తులు. వీటిని ఏ విదేశీ గురువూ నేర్పలేదు, నేర్పగలిగేవాడూ కాదు. 1936, 1938 సంవత్సరాల మధ్య బాలిలో పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్తలు మార్గరెట్ మీడ్, గ్రెగరీ బేట్సన్ దంపతులు 1200కు పైగా బొమ్మలు సేకరించారు. వాటిలో ఎక్కువ భాగం బతువాన్‌వే. ఇద బాగుస్ మదె తోగోగ్ అనే చిత్రకారుడు బేట్సన్ కోసం తన కలలని బొమ్మలుగా వేసిచ్చాడు. హిల్‌డ్రెడ్ గీర్ట్జ్ అనే పరిశోధకురాలు తర్వాత ఈ సేకరణ మీద పుస్తకం రాస్తూ, అవి ఆ ఊరివాళ్ల నమ్మకాలకీ భయాలకీ, కంటికి కనపడని శక్తి గురించి వాళ్లకున్న ఆలోచనలకీ అద్దమని చూపింది.

బతువాన్ బొమ్మ తయారయ్యే తీరు చూసినా ఇదే తేలుతుంది. ముందు కాగితం మీద సన్నగా గీత గీసుకుంటారు. దాని మీద చైనా సిరాతో అంచులు కట్టుకుంటూ పోతారు. ఆ తర్వాత సిరాని నీళ్లతో పలుచన చేసి ఒక పొర వేస్తారు, ఆరనిస్తారు, దాని మీద మరో పొర, మళ్లీ మరో పొర. ప్రతి ఆకూ ఒక వైపు కటిక నలుపు నుంచి మరో వైపు బూడిద రంగులోకి జారుతుంది. అంగుళం ఖాళీ మిగలదు. ఆకు వెనక ఆకు, దాని వెనక ఒక కన్ను. దీంట్లో వెలుగునీడలు ఉన్నాయి, నిజమే. కానీ ఆ వెలుగు సూర్యుడిది కాదు, దీపానిది కాదు. అది ఏ దిక్కు నుంచీ రాదు. పడమటి చిత్రకారుడు నీడని వాడేది వస్తువు ఎక్కడుందో, వెలుగు ఎటునుంచి పడుతోందో చెప్పడానికి. బతువాన్ చిత్రకారుడు దాన్ని తన పాత గాలిమబ్బుల నగిషీ చేసిన పనికే వాడుకున్నాడు, అంటే ఖాళీని నింపి గగుర్పాటు పుట్టించడానికి. పనిముట్టు బయటిది కావచ్చు, చేసిన పని ఊరిది.

ఇంకో పరీక్ష చేద్దాం. బాలిలో విదేశీ చిత్రకారుడు ఉండటమే ప్రభావానికి చాలు అనుకుంటే, బెల్జియం నుంచి వచ్చిన ల మాయెర్ చుట్టూ ఒక పెద్ద శిష్యబృందం ఉండాలి. ఆయన 1932లో వచ్చి సానుర్ ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. లెగోంగ్ నర్తకి ని పోలోక్‌ని పెళ్లి చేసుకున్నాడు. దాదాపు తన చివరి రోజుల దాకా అక్కడే ఎండనీ పూలనీ ఆమెనీ గీశాడు. పేరూ వచ్చింది, డబ్బూ వచ్చింది. బాలి చిత్రకళ మీద మాత్రం ఆయన ముద్ర దాదాపు లేదు. ఎందుకంటే ఆయన తన బొమ్మలు తాను అమ్ముకున్నాడు. ఇతరుల బొమ్మలు ఎంచే పనికి పూనుకోలేదు. అటు చూస్తే ఉబుద్‌లో ఇ గుస్తి ఞొమన్ లెంపాద్ స్పీస్‌కీ బోనెకీ ఆప్తుడు, వాళ్లతో నిత్యం కలిసి మెలిసి ఉన్నవాడు. గుళ్లు కట్టే స్థపతి, శిల్పి, అప్పటికే వయసు మళ్లినవాడు. వాళ్లు వచ్చాకే కాగితం మీద విరివిగా గీయడం మొదలుపెట్టాడు. అయినా ఆయన గీత ఎప్పుడూ తోలుబొమ్మ గీతే. తెల్ల కాగితం మీద సన్నని సిరా రేఖ, అక్కడక్కడా ఎరుపూ బంగారమూ తప్ప రంగు లేదు, నేపథ్యం లేదు, నీడ లేదు. విదేశీయుల నుంచి ఆయన తీసుకున్నదేమిటంటే ఖాళీ. పాత పటంలో నగిషీతో నిండిపోయే చోటుని ఖాళీగా వదిలేసే ధైర్యం. పక్కింట్లోనే ఉన్న వెలుగునీడల విద్యని మాత్రం ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఉబుద్ చిత్రకారుల్లో అనక్ అగుంగ్ గెదె సోబ్రాత్ తొలి చిత్రాలు చూడండి, స్పీస్ పోలిక కొట్టొచ్చినట్టు కనపడటం లేదా అని ఎవరైనా అడగవచ్చు. కనపడుతుంది. స్పీస్ ప్రకృతి దృశ్యంలో ముందు చీకటి చెట్లు ఉంటాయి. వెనక నుంచి వచ్చే వెలుగు ఆ కొమ్మల మధ్య నుంచి పొడవాటి నీడలు పరుస్తుంది. మడిలో ఒక రైతూ ఒక దున్నా. ఆ దృశ్యం ముగిసిందనుకున్న చోట దాని పైన మరో దృశ్యం, మరో దిగంతం మొదలవుతుంది. ఈ పద్ధతి కొందరు యువ చిత్రకారులకి సూటిగా సోకింది. అలాగే బోనె. ఇటలీలో కుడ్యచిత్రాల మధ్య కొన్నేళ్లు గడిపి వచ్చినవాడు. దృఢమైన భుజాలు, కండరాలు, నిబ్బరమైన ముఖాలు ఆయన సొత్తు. ఉబుద్ బొమ్మల్లో మనుషులకి కండ పట్టిందంటే అది ఆయన చలవే. దీన్ని కాదనడం సత్యాన్ని దాచడమే అవుతుంది. కానీ ఇదే సాక్ష్యాన్ని కొంచెం నిదానంగా చూడాలి. స్పీస్‌లోని ఏ అంశం అక్కడ పాతుకుపోయింది? ఒకదాని పైన ఒకటి దృశ్యాలు పేర్చే పద్ధతి. అది కథని వరసలుగా చెప్పే కమసాన్ కంటికి అప్పటికే అలవాటైనది. ఆయన చూపిన ఒకే దిశ వెలుగుని కొందరే పట్టుకున్నారు. బోనె కండరాలు వచ్చాయి కానీ, ఆయన చిత్రాలకి ప్రాణమైన ఒంటరి వ్యక్తి ముఖచిత్రం అక్కడ పెద్దగా వేళ్లూనలేదు. ఉబుద్ చిత్రంలో జనం గుంపులుగానే ఉంటారు, పచ్చదనం అంచుల దాకా కమ్ముకుంటుంది. ఇచ్చినదంతా తీసుకోలేదు, తమ పద్ధతిలో ఇమిడేదే తీసుకున్నారు.

ఇప్పుడు అసలు బలం ఎక్కడుందో చూద్దాం. 1936 జనవరిలో ఉబుద్‌లో పిత మహా అనే చిత్రకారుల సంఘం ఏర్పడింది. రాజకుటుంబానికి చెందిన చొకోర్ద గెదె అగుంగ్ సుకవతి, లెంపాద్, స్పీస్, బోనె దానికి మూలస్తంభాలు. వివిధ గ్రామాల నుంచి నూరుమందికి పైగా చేరారు. బొమ్మలు తెచ్చి చూపాలి, బాగున్నవాటిని ఎంచుతారు, ఎంచినవి జావా నగరాల్లోనూ నెదర్లాండ్స్‌లోనూ ప్రదర్శనలకి వెళ్తాయి, మంచి ధర పలుకుతాయి. హడావిడిగా చేసి అమ్మే నాసిరకం సరుకు నుంచి కళని కాపాడాలన్నది ఆశయం. ఆశయం మంచిదే. అయితే వరి పండించుకునే ఇంట్లో ఒక బొమ్మ ఎంపికై, పక్కవాడిది తిరిగొస్తే, ఆ ఇంట్లో రేపు వేసే బొమ్మ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? పాఠం అక్కర్లేదు. తిరిగొచ్చిన కాగితమే పాఠం. స్పీస్ తాను ఎవరికీ చిత్రకళ నేర్పలేదని భావించినా అందులో అబద్ధం ఉండదు. చేయి పట్టుకుని దిద్దించని వాడు కూడా ఇలా ఒక తరం చూపుని దిద్దగలడు.

ఆ ఎంపికకి ఒక రాజకీయ నేపథ్యం కూడా ఉంది. ఇరవయ్యో దశకం నుంచి డచ్చి ప్రభుత్వం బాలిని బాలిగానే ఉంచాలన్న విధానం పట్టింది. పిల్లలు సంప్రదాయ దుస్తుల్లో బడికి రావాలి, పాత నాట్యాలూ పాత శిల్పాలూ నేర్చుకోవాలి, జావాలో రగులుతున్న జాతీయోద్యమం గాలి ఇటు తగలకూడదు. స్పీస్, బోనె ఆ ప్రభుత్వ ప్రతినిధులు కారు. బాలి మీద వాళ్ల ప్రేమని శంకించనక్కర్లేదు. కానీ వాళ్లకి నచ్చిన బాలి, ప్రభుత్వానికి అవసరమైన బాలి, ఓడ కంపెనీ అమ్ముకునే బాలి మూడూ ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి. ముప్పయ్యో దశకంలో ఆర్థిక మాంద్యం ఆ దీవిని కుంగదీసింది, పన్నులు భారమయ్యాయి, రోడ్ల మీద కార్లు తిరిగాయి. అయినా ఎంపికైన ఉబుద్ చిత్రాల్లో ఇవి బహు అరుదు. వాటిలో ఎప్పుడూ పంట పండుతూనే ఉంటుంది, ఉత్సవం జరుగుతూనే ఉంటుంది. విదేశీ ప్రభావం గురించి రాసేవాళ్లు సాధారణంగా వచ్చి చేరినవాటి జాబితా ఇస్తారు. రాకుండా ఆగిపోయినవాటి జాబితా కూడా అంతే ముఖ్యం. బతువాన్‌లో కొత్త పద్ధతికి ఆద్యుల్లో ఒకడైన ఇ ఙెందోన్ స్వాతంత్ర్య పోరాటంలో చేరి 1946లో ప్రాణం కోల్పోయాడు. ఆ తరం చిత్రకారుల మనసులో ఉత్సవాలూ వరిపొలాలే కాదు, ఇంకా చాలా ఉందని చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు.

అయితే రెండో కథవాళ్లు ఇక్కడ జబ్బలు చరచనక్కర్లేదు. చూశారా, అంగడి వచ్చి కళని చంపేసింది అనడానికి సాక్ష్యం చాలదు. కమసాన్ ఆగలేదు; గుడి చూరుకి కట్టే పటాలు ఇప్పటికీ అక్కడ తయారవుతూనే ఉన్నాయి. గుడి కోసం ఒకటి, అమ్మకం కోసం మరొకటి వెయ్యడం అక్కడివారికి ధర్మసంకటం కాలేదు. పైగా అంతకుముందు మాత్రం కళ ఎవరి చెప్పుచేతల్లోనూ లేదా? రాజు కోరిన కథ గీయాల్సిందే, పురోహితుడు ఒప్పుకున్న రూపంలో గీయాల్సిందే. ఎంచే కన్ను ఎప్పుడూ ఒకటి ఉంది. 1930 ప్రాంతంలో అది చేతులు మారింది. మారినప్పుడు కొన్ని తలుపులు మూసుకుంటే మరికొన్ని తెరుచుకున్నాయి. రాజాస్థానం ఎన్నడూ అడగని పీడకలని, సముద్రపు పీతని, పక్కింటి వాడి కోడిపందేన్ని గీసే వీలు ఆ మార్పు వల్లే దొరికింది. చిత్రకారుడికి పేరు దొరికింది. లాభమూ నష్టమూ ఒకే దారిలో వచ్చాయి, ఒకదాన్ని వదిలి మరొకదాన్నే లెక్కపెట్టడం కుదరదు.

మరొక అభ్యంతరం: స్పీస్, బోనె ఎంచి నిలబెట్టకపోతే ఈ కళ చౌకబారు జ్ఞాపికల స్థాయికి దిగజారేది కదా? కొంతవరకు ఒప్పుకోవాల్సిన మాటే. బోనె పట్టుదల లేకపోతే ఆనాటి మంచి చిత్రాలు ఎన్నో చెల్లాచెదురై పోయేవి. కానీ కళ నిలబడింది ఆ ఇద్దరి వల్లనే అయితే, వాళ్లు తప్పుకోగానే అది కూలిపోవాలి. యుద్ధం వచ్చింది. జర్మనీ వాడు కాబట్టి స్పీస్‌ని డచ్చివారు నిర్బంధించారు. 1942 జనవరిలో ఖైదీలని తీసుకెళ్తున్న ఓడ జపాన్ బాంబులకి మునిగి ఆయన చనిపోయాడు. బోనెని జపాన్ వాళ్లు నిర్బంధించారు. పిత మహా ఆగిపోయింది. కుంచెలు మాత్రం ఆగలేదు. యుద్ధం తర్వాత బోనె తిరిగొచ్చి, చొకోర్దతో కలిసి ఉబుద్‌లో పురి లుకిసాన్ అనే చిత్రశాలకి రూపమిచ్చాడు. 1956లో అది తెరుచుకునేనాటికి అక్కడ పెట్టడానికి పాతవే కాదు, కొత్తవీ ఉన్నాయి.

ఆ వెంటనే మరో విదేశీయుడి కథ నా వాదనకి ఇంకో ఆధారం ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో పుట్టి, ఇండోనేషియా పౌరసత్వం తీసుకున్న ఆరి స్మిత్ 1960 ప్రాంతంలో ఉబుద్ పక్కనే ఉన్న పెనెస్తనాన్‌లో కుర్రవాళ్లకి కాగితాలూ రంగులూ ఇచ్చి గీయమన్నాడు. ఎలా గీయాలో చెప్పకుండా ఆగడమే ఆయన పద్ధతి. ఆయన సొంత చిత్రాల్లో చిన్న చిన్న రంగు మచ్చలు ఎండలో మిలమిలలాడుతుంటాయి. ఆ కుర్రవాళ్ల బొమ్మల్లో నల్లటి అంచుల మధ్య గాఢమైన రంగులు గట్టిగా నిండి ఉంటాయి. ఆకాశం నారింజ రంగు, మనిషి ఊదా రంగు, ముఖాలకి వివరాలు తక్కువ. గురువు చిత్రానికీ వీటికీ ఏ పోలికా లేదు. యువ చిత్రకారుల శైలిగా అది లోకమంతా అమ్ముడుపోయింది. స్మిత్ ఇచ్చింది రంగులు, అవకాశం. రంగుల రుచి మాత్రం ఆ కుర్రవాళ్ల గుడి అలంకారాల్లో, పండగ గుడ్డల్లో అప్పటికే ఉంది. అయినా ఇక్కడ కూడా ఎంపిక పనిచేసింది: పురాణాలు కాక రోజువారీ బతుకుని గీయమన్న ప్రోత్సాహం, కొనేవాళ్లకి ఆ అమాయకత్వమే నచ్చడం, కొన్నేళ్లకి ఆ అమాయకత్వమే ఒక మూసగా మారడం.

అందుకే బాలి చిత్రకళలో ముఖ్యమైన మలుపు విదేశీయులు వచ్చిన రోజు మాత్రమే కాదు; ఎంచే పని బాలివాళ్ల చేతికి తిరిగొచ్చిన రోజు కూడా అంతే ముఖ్యం. సుతెజ నెక 1982లో ఉబుద్‌లో తన మ్యూజియం తెరిచాడు. అగుంగ్ రాయ్ 1996లో మరొకటి తెరిచాడు. అక్కడ లెంపాద్, బతువాన్ చిత్రకారులు, స్పీస్ ఒకే కప్పు కింద ఉంటారు. ఎవరి పక్కన ఎవరు ఉండాలో నిర్ణయించేది బాలి మనిషి. ఆధునిక చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న ఞొమన్ గునర్స 1994లో క్లుంగ్‌కుంగ్ దగ్గర ప్రాచీన పటాల కోసం ఒక మ్యూజియం పెట్టాడు. కొత్తదనం కోసం బయలుదేరినవాడే పాతదాన్ని ఎంచుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే. బతువాన్‌లోనైతే వాయన్ బెంది తరం వాళ్లు అదే దట్టమైన సిరా పద్ధతిలో విమానాలనీ, కెమెరాలు మెడలో వేసుకున్న యాత్రికులనీ, అలల మీద పలక తొక్కే తెల్లవాళ్లనీ గీశారు. ముప్పయ్యో దశకంలో బొమ్మలు ఎంచిన విదేశీయుడు ఇప్పుడు ఆ బొమ్మలో ఒక మూల నిలబడి ఉన్నాడు, మంత్రగత్తెకీ కోడిపందేనికీ మధ్య, మిగతావాళ్లంత చిన్నగా.

దీన్నిబట్టి ఒక కళ మీద బయటి ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు అడగాల్సిన ప్రశ్నల వరస మార్చుకోవాలి. ఎవరు నేర్పారు అన్నది ఆఖరి ప్రశ్న. ముందు ఎవరు కొన్నారు, ఎవరు ఎంచారు, ఏది తిరస్కరించారు అని అడగాలి. ఆ తర్వాత, ఇచ్చినదాంట్లో స్థానికులు ఏది తీసుకున్నారు, ఏది వదిలారు, తీసుకున్నదాన్ని ఏ పనికి వాడారు అని చూడాలి. బాలి విషయంలో ఈ వరసన వెళ్తే స్పీస్, బోనెల గొప్పతనం తగ్గదు. అది గురువుల గొప్పతనం కాక, పదునైన కన్నూ పెద్ద పలుకుబడీ ఉన్న పోషకుల గొప్పతనమని తేలుతుంది. పోషకుడికి ఉండే బాధ్యతా, నిందా రెండూ వాళ్లకి చెందుతాయి. చిత్రాలు గీసిన ఘనత మాత్రం గీసినవాళ్లదే. దాన్ని పుస్తకాల్లో వాళ్ల పేర్ల పక్కన రాయడానికి ఇన్నేళ్లు పట్టాల్సిన పని లేదు.